చాదస్తం అని వదిలేయకండి

అరవై దాటిన పెద్దవారు అడిగిందే మళ్లీ అడుగుతున్నా, బీరువా తాళాలు బియ్యం డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతుకుతున్నా మనం ‘చాదస్తం’ అని తేలిగ్గా అనేస్తాం. అందులో కొంత, వయసుతో వచ్చే మామూలు మతిమరుపే. కాని అలవాటైన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క చూసుకోలేకపోవడం, మాట నోటికి అందకపోవడం నెలనెలా పెరుగుతుంటే అది డిమెన్షియా కావచ్చును. ఇది మెదడుకు వచ్చే జబ్బు. అల్జీమర్స్ ఇందులో ఒక రకం.

ఈ జబ్బు ఒకరికి అరవైకే, మరొకరికి ఇంకా ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది? నాబోటి డాక్టరు ఒక్కడూ కూర్చుని తేల్చగల ప్రశ్న కాదిది. అప్పట్లో పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలిగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియాలో భాషాశాస్త్రవేత్తగా ఉన్న దుగ్గిరాల వసంత, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడిగా ఉన్న సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, మరికొందరు కలిసి ఈ ప్రశ్నను ఒక కొత్త వైపు నుంచి చూశారు. ఆ ఫలితాలు 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చాయి.

నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీస్తే, వారిలో 391 మంది రెండు భాషలో, అంతకు మించో మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికి జబ్బు సగటున 61వ ఏట మొదలైతే, వీరికి 65 దాటాక మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా! మనవడి పెళ్లి చూసి, పేరుపేరునా చుట్టాలను పలకరించడానికి ఆ నాలుగున్నరేళ్లు చాలు.

చదువుకున్నవాళ్లకే రెండు భాషలు వస్తాయి, అదంతా చదువు మహిమేనని మీరు అనవచ్చు. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనబడింది, పైగా అది ఆరేళ్లు. అంతకుముందు కెనడాలోని టొరంటోలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది గాని, అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడా భాషదా, వలసదా అన్న అనుమానం మిగిలిపోయింది. మన జంటనగరాల్లో ఆ పేచీ తక్కువ. సికింద్రాబాదులో పుట్టి పెరిగిన ఇల్లాలే ఇంట్లో తెలుగు, మోండా మార్కెట్టులో ఉర్దూ, పక్క క్వార్టర్సు ఆవిడతో తమిళం మాట్లాడుతుంది. ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోదాన్ని అదిమిపెట్టాలి గనుక మెదడుకు నిత్యం సాధన జరుగుతుందని పరిశోధకుల వివరణ.

అయితే, ఇది కవచం కాదు. ఆ 391 మందీ రోగులే! మూడో భాష వల్ల అదనపు లాభమూ కనబడలేదు. కాబట్టి తాతగారి చేతిలో ముప్పై రోజుల్లో ఏదో భాష నేర్పే పుస్తకం పెట్టి వేధించకండి. జీవితమంతా వాడిన భాషల సంగతి ఇది. వాటిని వాడనివ్వండి, ఆయనతో మాట్లాడే మనుషులను దూరం చేయకండి.

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు పెద్దవారికి ఏ భాష బాగా వచ్చో, ఎంతవరకు చదివారో, ఏం పని చేశారో ముందే చెప్పండి. జ్ఞాపకశక్తి పరీక్షలో మాటలు గుర్తుపెట్టుకోమంటారు, బొమ్మ గీయమంటారు. రాని భాషలో అడిగినా, పలక పట్టని చేతికి పెన్సిలిచ్చినా ఆరోగ్యవంతుడు కూడా రోగిలా కనిపిస్తాడు.

మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 విటమిను లోటు, థైరాయిడు, దిగులు, చెవుడు కూడా ఇలాగే కనిపిస్తాయి, వీటికి చికిత్స వుంది. నిన్నటిదాకా బాగున్నవారు ఒక్కసారిగా అయోమయంగా మాట్లాడితే మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో కావచ్చును. పడి తలకు దెబ్బ తగిలినా అంతే. అటువంటప్పుడు ఆరోజే ఆసుపత్రికి తీసుకురావాలి. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులన్నీ, పక్కింటివారు ఇచ్చిన నిద్రమాత్రతో సహా, ఒక సంచిలో వేసుకురండి.