గృహారోగ్యము: ఉక్కపోతయు, ఏ.సీ. యంత్రమును



రోహిణికార్తె యెండలకు రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుదురు. సముద్రతీరమున నివసించువారికి ఎండ బాధ యొకటియే కాదు, దానికి ఉక్క కూడ తోడగును. క్రిందటి నెలలో కాకినాడనుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినది.

"మా యింట ఈ యేడు ఏ.సీ. యంత్రమును పెట్టించితిమి. మావారును పిల్లలును దానిని 18 డిగ్రీలకు దించి, దుప్పట్లు కప్పుకొని పరుందురు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులకు వెరచి ఆ గదిలోనికి రాక, పడమటి గదిలో చాపమీద శయనింతురు. నేను వంటయింటనే యుందును. మొన్న మధ్యాహ్నము అత్తగారిని పలుకరింపగా పొంతనలేని మాటలాడిరి. తలపై నీరు పోసి విసరితిమి, కొంతసేపటికి తేరుకొనిరి. ఇంత సొమ్ము పోసి యంత్రమును తెచ్చుకొనియు నిట్లేల జరిగినది?"

ఈ ప్రశ్న యొక్క యింటికి మాత్రమే సంబంధించినది కాదు గనుక, అందఱికిని ఉపయోగపడునట్లు సమాధానము వ్రాయుచున్నాము.

చెమట కారినంతమాత్రమున మన శరీరము చల్లబడదు. అది ఆరినప్పుడే చల్లబడును. ఒక లీటరు చెమట యారిపోవునప్పుడు సుమారు 580 కిలోకెలోరీల వేడిని మన యొంటినుండి తీసికొనిపోవును. వానకాలమున తీగమీది చీర యెట్లు ఆరదో, తేమ నిండిన గాలిలో చెమటయు నట్లే ఆరదు. అనంతపురమున 40 డిగ్రీల యెండలో తిరిగివచ్చినవారికి నీడపట్టున కొంత యూరట కలుగును. కాకినాడలో 35 డిగ్రీలకే నీడలోను ఊపిరాడనట్లుండుటకు కారణ మిదియే.

ఈ భేదము తెలియక కొందఱు తీరపు పట్టణములలోను నీటి కూలర్లను కొనుచున్నారు. వట్టివేళ్ళ తడికలును, నీటి కూలర్లును రాయలసీమ, తెలంగాణ ప్రాంతములకు తగినవి. అచటి పొడిగాలి నీటిని పీల్చుకొని చల్లబడును. తీరమున గాలి యదివరకే తేమతో నిండియున్నది. మూసిన గదిలో కూలరు పెట్టిన ఉక్క హెచ్చునేగాని తగ్గదు. మధ్యాహ్నము గచ్చు కడుగుటయు, గదిలో తడిబట్టలు ఆరవేయుటయు నిట్టివే.

ఏ.సీ. యంత్రము పుట్టినదే గాలిలోని తేమను అదుపుచేయుటకు. అమెరికాలోని బ్రూక్లిన్‌లో నొక ముద్రణాలయమున తేమవలన కాగితములు సాగి రంగులు చెదరుచుండగా, విల్లిస్ కారియర్ అను ఇంజనీరు 1902లో దీనికి రూపమిచ్చెను. మీ యంత్రమునుండి వెలుపలికి వచ్చు గొట్టముక్రింద నొక బిందె నుంచి చూడుడు. అందు చేరిన నీరంతయు గదిలోని గాలినుండి దిగినదే. గది చల్లనగుట యెంత మేలో, ఈ తేమ పోవుట యంత మేలు.

ఇక 18 డిగ్రీల సంగతి. అంకె తగ్గించినంతమాత్రమున సాధారణముగా గది త్వరగా చల్లబడదు. యంత్రము ఎక్కువసేపు పనిచేసి ఎక్కువ విద్యుత్తును వ్యయపఱచును. 2020 జనవరినుండి మన దేశమున కొత్త యంత్రములు 24 డిగ్రీలకు సవరింపబడి రావలెనని నిబంధన వచ్చినది. ఒక్కొక్క డిగ్రీ పెంచిన కొలది నూటికి సుమారు ఆరువంతుల విద్యుత్తు కలిసివచ్చునని నిపుణుల లెక్క. 26 డిగ్రీలుంచి పంకాను మెల్లగా తిరుగనిచ్చిన, దుప్పటి యవసరము లేకుండ హాయిగా నుండును. చిన్న గదికి మితిమీఱిన పెద్ద యంత్రమును కొనరాదు. అది గదిని త్వరగా చల్లబఱచి ఆగిపోవుటచేత తేమ తగినంత పోక, చలియు చెమ్మయు కలిసి యుండును. యంత్రములోని జల్లెడను రెండువారములకొకసారి కడిగి ఆరబెట్టవలెను.

ఇప్పుడు అత్తగారి విషయము. వయస్సు మీఱినకొలది చెమటపట్టుట తగ్గును, దాహము తెలియదు, ఒంటివేడి హెచ్చినను గ్రహింపలేరు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణములలో వేడికి వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో కష్టించు కూలీలకును, ఇంటనున్న వృద్ధులకును ఈ యాపద సమానమే. వేడిదినమున పెద్దలు తికమకగా మాటలాడిన దానిని వయస్సుకు తగిలించి ఊరకుండరాదు. అది వడదెబ్బ కావచ్చును. ఒంటివేడి 40 డిగ్రీలు దాటిన ప్రాణాపాయము. తక్షణమే 108కి ఫోను చేసి, చల్లని చోట పరుండబెట్టి, ఒంటిమీద నీరు చల్లుచు గట్టిగా విసరవలెను. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు. తేరుకొనిరని వైద్యునికి చూపక మానరాదు.

సోదరి తన్నుగూర్చి యొక్క వాక్యమే వ్రాసినది: "నేను వంటయింటనే యుందును." యంత్రమున్న ఇండ్లలోను పొయ్యిచెంత నిలుచునామెకు దాని ఫలము దక్కుట లేదు. ఓర్పు స్త్రీకి భూషణమే కావచ్చును గాని, ఉక్కకు ఓర్పు మందుకాదు. వంట తొమ్మిది గంటలలోపల ముగించుడు. గిన్నెలకు మూతలు పెట్టి వండుడు. ఆవిరిని బయటికి నెట్టు పంకా నొకదానిని వంటయింటి గోడకు పెట్టించుడు, ఏ.సీ. వెలతో చూచిన దాని వెల స్వల్పము. మధ్యాహ్నము వేడివంట కావలెనని యింటివారు కోరిన, వేసవి రెండునెలలు మజ్జిగయన్నముతో సర్దుకొమ్మని చెప్పుటలో తప్పులేదు. ఉప్పు వేసిన మజ్జిగను దాహము కాకముందే త్రాగుచుండుడు. విరేచనములైనను, మిక్కిలి చెమటలు పట్టి నీరసించినను, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదారయు, అర చిన్నచెంచా ఉప్పును తలకొట్టి కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను.

యంత్రము లేని ఇండ్లవారు నిరాశపడనక్కరలేదు. తీరమున గాలి కదలికయే మేలైన వైద్యము. తడిగుడ్డతో మెడను, చేతులను తుడుచుకొని పంకాక్రింద కూర్చుండుడు. ప్రొద్దు గ్రుంకినపిదప ఎదురెదురు కిటికీలు తెఱచి యుంచుడు. డాబాపై తెల్లని సున్నము పూసిన ఎండవేడి లోనికి దిగుట తగ్గును.

కాకినాడ సోదరీ! మీ యంత్రమునందు లోపము లేదు. అది యుండవలసిన వేళ, ఉండవలసినవారికి అందలేదు. రేపటినుండి పన్నెండు మొదలు నాలుగువఱకు దానిని 26 డిగ్రీలకుంచి, చలిగాలి నేరుగా తగులని మూల అత్తగారి చాప పరచి, మోకాళ్ళపై నొక పలుచని వస్త్రము కప్పుడు. వంటయింటి తలుపు మూసి మీరును ఆమెచెంత కొంతసేపు నడుము వాల్చుడు.