పచ్చడికి మిగలని చెనక్కాయ

కదిరి పక్కన ఒక చేనులో చెనక్కాయ చెట్టు పెరుకుతున్న ఆడకూలీలతో మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నాను. సద్దిమూటలు విప్పారు. చౌకబియ్యం అన్నం, చింతపండు నీళ్లచారు, ఒకరిద్దరి దగ్గర వూరగాయ కారం. పొద్దున్నుంచి వాళ్ల చేతుల మీదుగా పోయిన కాయ మూటలకు మూటలు. వాళ్ల అన్నంలో మాత్రం చెనక్కాయ పలుకు ఒక్కటి లేదు. “పచ్చడి నూరుకోలేదా అక్కా?” అని అడిగితే ఒకామె నవ్వింది. “కాయ యాడిది నాయనా, అంగట్లో కొంటే కదా పచ్చడి” అన్నది.

పచ్చడి మీద సంపాదకీయమా అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనీండి. కూలి రేటు గురించి మాట్లాడేటప్పుడు ఆ కూలి కడుపులోకి ఏ రూపంలో పోతున్నదో మాట్లాడకపోతే సగం మాటే మాట్లాడినట్టు. మన సంఘాల్లో మేమంతా యిన్నాళ్లూ ఆ సగం మాటే మాట్లాడాం. నేను కూడా అందులో వున్నాను.

కోస్తాలో వేరుశనగ, తెలంగాణలో పల్లికాయ, అనంతపురం కర్నూలు వైపు చెనక్కాయ, బుడ్డలు. పేరు ఏదైనా గింజ ఒకటే. ఆ గింజలో ఏముందో ముందు చూద్దాం. నూరు గ్రాముల పప్పులో మాంసకృత్తులు దాదాపు 24, 25 గ్రాములు. బియ్యంలో ఎనిమిదికి మించవు. కొవ్వు 40 గ్రాములు, శక్తి 500 క్యాలరీల పైమాట. ఎండలో ఎనిమిది గంటలు నడుం వంచే మనిషికి కావలసింది సరిగ్గా యిదే, తక్కువ తిండిలో ఎక్కువ బలం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 54 గ్రాములు, ఆడమనిషికి 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రేషను కింద మనిషికి నెలకు వచ్చేది 5 కిలోల బియ్యం. రోజుకు 166 గ్రాములు పడుతుంది. అందులో వుండే మాంసకృత్తులు పదమూడు గ్రాములు. మిగతాది ఎక్కడినుంచి రావాలి? మాంసం వారానికొకసారి కూడా లేని యింట్లో, కందిపప్పు కొలిచి కొలిచి వేసే యింట్లో, గుప్పెడు చెనక్కాయ చిన్న విషయం కాదు. 25 గ్రాముల పప్పు నూరి తింటే ఆరు గ్రాముల మాంసకృత్తులు. కొలతలో ఒక కోడిగుడ్డుతో సమానం.

కొలతలో అన్నాను, గుణంలో అనలేదు. చెనక్కాయలో లైసిన్ అనే పదార్థం చాలినంత లేదు. బియ్యంలోనూ జొన్నలోనూ అదే కొరత. ఆ లోటు పూడ్చేవి కంది, అలసంద, వులవ, గుడ్డు, పాలు. కాబట్టి చెనక్కాయ వుంటే యింక పప్పు అక్కర లేదని ఎవరూ అనుకోవద్దు. రెండూ కావాలి.

ఇంకొక సంగతి మన జొన్న తిన్న తరానికి తెలిసిన బాధ. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు పొరలుగా లేవడం, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. దాన్ని పెల్లాగ్రా అంటారు. నయాసిన్ అనే విటమిన్ లోటు వల్ల వస్తుంది. దక్కన్‌లో జొన్న మీదనే బతికే పేదల్లో యిది కనిపిస్తున్నదని డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో లోకానికి చెప్పారు. వాళ్లు పని చేసింది యీ పోషకాహార సంస్థలోనే, అప్పటికి దానికి ఆ పేరు రాలేదు. జొన్నలోని ఫలానా పదార్థమే కారణమన్న వాళ్ల వాదం మీద తర్వాత శాస్త్రజ్ఞుల్లో తగవులు నడిచాయి, అది వాళ్ల విషయం. మనకు కావలసింది యిది: నయాసిన్ బాగా వుండే గింజల్లో చెనక్కాయ ముందు వరుసలో వుంటుంది. జొన్నరొట్టె మీద చెనక్కాయ పచ్చడి పెట్టి తిన్న మన అవ్వలు ఏ పుస్తకమూ చదవలేదు. రుచికే తిన్నారు. ఆ రుచి వాళ్లకు మేలు కూడా చేసింది.

ఎట్లా తినేవాళ్లు? కుర్రవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అయిదుగురున్న యింటికి అరపావు పప్పు. సన్నమంట మీద మెల్లగా వేయించాలి, మాడ్చగూడదు. మాడితే చేదెక్కడమే కాదు, బీ-1 విటమిన్ చాలావరకు పోతుంది. నాలుగైదు ఎండుమిరపకాయలు, చిన్న వుసిరికాయంత చింతపండు, రెండు తెల్లగడ్డ పాయలు, వుప్పు. రోట్లో ముందు మిరపకాయా వుప్పూ, తర్వాత పప్పు. కచ్చాపచ్చాగా దంచి, ఎర్రగడ్డ చితక్కొట్టి కలిపితే సీమలో వూరిబిండి. సంగటి ముద్దకు దానికి మించిన జత లేదు. మెత్తగా నూరి నీళ్లు కలిపితే దోసెకు, వుగ్గాణికి పచ్చడి. హోటలు వాడు అదే పచ్చడిలో చెనక్కాయ తగ్గించి పుట్నాలూ నీళ్లూ పెంచుతాడు, అందుకే అది అట్లా జారిపోతుంది. నువ్వులతో కలిపి నూరితే గుత్తి వంకాయలోకి ముద్ద, హైదరాబాదు వాళ్ల మిర్చీ సాలన్‌లోకి పులుసు చిక్కదనం. తెలంగాణ పచ్చిపులుసులో ఒక చెంచా పల్లీల పొడి పడితే పిల్లలు అన్నం యింకొక ముద్ద తింటారు. ఆకుకూర తాలింపులో పొడి చల్లి, దించినాక నిమ్మకాయ పిండితే ఆకులోని యినుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం తక్కువైన మన ఆడవాళ్లకు యిది ముఖ్యం. చిన్నపిల్లలకు మాత్రం గింజ గింజగా పెట్టకండి, గొంతులో అడ్డం పడుతుంది. నూరి పెట్టండి. నూటికి ఒకరికో యిద్దరికో యిది పడకపోవచ్చు. దద్దుర్లు, ఆయాసం వస్తే మానెయ్యాలి.

మరి యిది పళ్లెంలోంచి ఎట్లా జారిపోయింది? నా చిన్నతనంలో మా అమ్మ వెంట కాయ విడిపించడానికి పోయేవాణ్ని. కూలి కింద కాయే కొలిచేవాళ్లు. కొలతలో మోసం వుండేది, పిల్లలు నమిలితే నోరు తెరిపించి చూసిన ఒక ఆసామి నాకింకా గుర్తు. ఆ రోజులు బాగుండేవని నేను చెప్పను. అయితే సాయంత్రం అమ్మ కొంగులో కాయ వుండేది. చెట్టు పెరికేసిన చేనులో మట్టి తవ్వి పరిగె కాయ ఏరుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. తర్వాత డబ్బు కూలి వచ్చింది. డబ్బు కూలి మనం పోరాడి తెచ్చుకున్నదే, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ డబ్బుతో పాటు కాయ పోయింది. చిన్నరైతు యింట్లోనూ అదే కథ. విత్తనం అప్పు, మందు అప్పు తీర్చడానికి వామి దగ్గరే కాయ బస్తాలకెత్తి, మళ్లీ పచ్చడికి పావుకిలో అంగట్లో తెచ్చుకుంటాడు. నూనె సంగతి సరేసరి. 1994లో పామాయిలు దిగుమతికి అనుమతులు సడలించాక చెనక్కాయ పండించే పల్లెలోనే పామాయిలు ప్యాకెట్టు వెలిసింది.

యిది మన ఒక్కరి కథ కాదు. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, మాలి దేశాల పేదలు చెనక్కాయ ముద్దతో మాఫే అనే చిక్కటి పులుసు వండుకుంటారు. ఆ సెనెగల్‌లో ఫ్రెంచి పాలకులు చెనక్కాయను ఎగుమతి పంటగా రైతు నెత్తిన రుద్దారు. సజ్జ, జొన్న చేలు తగ్గాయి. తిండికి ఇండోచైనా నుంచి నూకలు ఓడల మీద తెచ్చి అమ్మారు. పంట ఓడెక్కి పోయింది, నూక ఓడ దిగి వచ్చింది. అనంతపురంలో కొర్ర, జొన్న పోయి లక్షల హెక్టార్లలో చెనక్కాయ రావడం, తిండికి 1983 నుంచి రెండు రూపాయల బియ్యం మీద ఆధారపడడం చూసినవాళ్లకు ఆ కథ కొత్త కాదు.

అమెరికాలో బానిస కుటుంబంలో పుట్టిన జార్జి వాషింగ్టన్ కార్వర్ 1916లో టస్కెగీ నుంచి ఒక చిన్న పుస్తకం వేశాడు. చెనక్కాయ ఎట్లా పండించాలి, దాన్ని 105 రకాలుగా ఎట్లా వండుకు తినాలి అన్నది దాని విషయం. పత్తితో భూమి చచ్చి అప్పుల్లో మునిగిన నల్లజాతి పాలికాపు రైతుల కోసం రాసింది. పీనట్ బట్టర్ కనిపెట్టింది ఆయనే అని చెబుతుంటారు, అది నిజం కాదు. అమ్మేది కాక తినేది కూడా పండించు అని పేదరైతుకు చెప్పడం ఆయన చేసిన పని, దానికి యీ అబద్ధపు గొప్ప అక్కర లేదు.

ఇక అందరికంటే ఎక్కువగా మన ఆడవాళ్లు వినవలసిన విషయం. పరిగె కాయ, తాలు కాయ, వ్యాపారి ఏరి పారేసిన ముక్కిన కాయ చవగ్గా వస్తే పచ్చడికి వాడుకుంటున్నాం. అందులో విషం వుండవచ్చు. 1960లో యింగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, మేతలో కలిసిన చెనక్కాయ చెక్క మీది బూజే కారణమని తేలింది. ఆ బూజు విషాన్ని అఫ్లాటాక్సిన్ అన్నారు. అది కాలేయాన్ని తింటుంది. కొద్దికొద్దిగా యేళ్ల తరబడి పోతే క్యాన్సరు తెస్తుంది. ఎక్కువ పోతే వెంటనే చంపుతుంది. గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు ఆదివాసీ పల్లెల్లో 1974లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. వాళ్లకు బూజు తెలియక తిన్నారా? యింట్లో వేరే గింజ లేక తిన్నారు.

పంట చివర్లో వాన మొహం చాటేస్తే నేలలోనే కాయకు యీ బూజు పడుతుంది. మన సీమలో ఆ కరువు ఏ యేడు రాదు? తర్వాత తడి ఆరకుండా వామి వేసినా, మిషనులో సులువుగా వొలవడానికి కాయ మీద నీళ్లు చల్లినా పెరుగుతుంది. వేయిస్తే పోదు. రోట్లో నూరితే అసలే పోదు, పైగా కారం పులుపు కింద చేదు దాగిపోతుంది. చేయగలిగింది ఏరడం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పచ్చగా నల్లగా బూజు కనిపించేవి, నాలిక మీద చేదనిపించేవి తీసేస్తే విషంలో చాలా భాగం పోతుంది. తీసినవి పాడిపశువుకూ పెట్టకండి, పాలలోకి వస్తుంది.

నేరుగా తినే చెనక్కాయలో కిలోకు 4 మైక్రోగ్రాముల కంటే యీ విషం వుండగూడదని యూరప్ దేశాల చట్టం. మన దేశంలో 10 వరకు వుండవచ్చు. సరిగ్గా ఆరిన మేలురకం కాయ ఓడెక్కుతుంది. దాన్ని ఏరింది మన ఆడకూలీలే. ఏరగా మిగిలింది వాళ్ల బజారుకు వస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో యీ విషాన్ని పట్టే పరీక్ష తయారు చేసింది. అది ఎగుమతిదారు గోడౌనుకే గానీ మండల కేంద్రంలో రైతుకు, అంగన్‌వాడీ సరుకుకు ఎందుకు వుండగూడదు?

అంగన్‌వాడీ మాట వచ్చింది గనక ఒక మాట. మన పోషకాహార సంస్థ వాళ్లు యేనాడో హైదరాబాద్ మిక్స్ అని ఒకటి తయారు చేశారు. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగ 16, చెనక్కాయ 10, బెల్లం 20. పొడి కొట్టి బిడ్డకు పెడితే 330 క్యాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. ఏ పల్లెలోనైనా విసురుకోవచ్చు. 1996 ప్రాంతంలో ఫ్రాన్సులో చెనక్కాయ ముద్దకు పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ప్లంపీ నట్ అని ప్యాకెట్టు చేశారు. ఆఫ్రికా కరువుల్లో అది వేలమంది పిల్లలను బతికించింది, కాదనలేం. అయితే దాని మీద పేటెంటు పెట్టి, యితర దేశాల వాళ్లు చేసుకోవాలంటే అనుమతి అడగవలసిన పరిస్థితి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నుంచి చిక్కీ యిస్తున్నారు, మంచి పని. ఆ చిక్కీ కాయ ఏ వూరిది, ఎవరు ఏరారు, పరీక్ష జరిగిందా అని తల్లులు అడగాలి.

రేషను దుకాణంలో బియ్యంతో పాటు కార్డుకు నెలకు నాలుగు కిలోల చెనక్కాయ పప్పు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2025-26కి కాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. వొలిస్తే నూటికి డెబ్బై కిలోల పప్పు. అంటే కిలో పప్పు 104 రూపాయలు, యింటికి రోజుకు అరపావు పచ్చడి 13 రూపాయలు. మద్దతు ధర దక్కని రైతుకు కొనుగోలు, పచ్చడి దక్కని కూలికి పప్పు, రెండూ ఒకే గోడౌనులోంచి జరగవచ్చు.

అది సర్కారుతో తేల్చుకోవలసింది. వూళ్లో తేల్చుకోవలసింది వేరే వుంది. వచ్చే కోతల ముందు కూలి ఒప్పందం మాట్లాడేటప్పుడు డబ్బు కూలిలో పైసా తగ్గకుండా, దాని మీద మనిషికి యిన్ని కిలోల కాయ అని పెట్టించాలి. చిన్నరైతు దగ్గర అతని పరిస్థితి చూసి, పెద్ద ఆసామి దగ్గర గట్టిగా. ఆ కాయ ఏరగా మిగిలిన తాలు కాకూడదు, ఏరక ముందు, బాగా ఆరిన రాశిలోంచి కొలవాలి. కాయ వూపితే లోపల పప్పు గలగలమనాలి. కొలత డబ్బా పట్టేది మేస్త్రీ కాదు, కూలీల్లోంచి ఒక ఆడమనిషి.