ఆరోగ్యము: పిత్తాశయము తీసిన పిమ్మట

మన విశాఖపట్టణమున 1923లో కింగుజార్జి ఆసుపత్రి వెలసిననాడు పిత్తాశయమును తీయుటకు పొట్టను పెద్దగా కోయుటయే దారి. 1985లో జర్మనీదేశమున చిన్న రంధ్రముల చికిత్స మొదలయ్యెను. గాయము చిన్నదగుటచే బాధయు చిన్నదేయని యింటివారు తలంతురు. అది పొరపాటని మా మనవి.

చికిత్సవేళ కడుపున నింపిన వాయువువలన కొన్నిదినములు భుజము లాగును. నిలువజేయు సంచి లేక పైత్యరసము నేరుగా ప్రేవులకు జాఱుటచే కొందఱికి నేతివంటలు పడక విరేచనములగును. కొంచెముకొంచెముగా భుజింపుడు, వైద్యుడు సమ్మతించువఱకు నిండుబిందె నెత్తకుడు. నీరసము సోమరితనము కాదని అత్తగార్లు గ్రహింతురుగాక!

జ్వరమో, కన్నులు పచ్చబడుటయో, తగ్గని నొప్పియో కలిగినచో మాత్రము ఓర్చుకొనరాదు. నాళమున రాయి మిగిలియుండవచ్చును. వెంటనే వైద్యునికి చూపవలయును.