బెల్లంపల్లిలోనూ ఆగాలి

2024 సెప్టెంబరులో పట్టాలెక్కిన నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ రామగుండంలో ఆగుతుంది. బెల్లంపల్లిలో మాత్రం ఆగకుండానే దూసుకుపోతుంది. స్టాపులు పెంచితే వేగం తగ్గుతుందన్నది పాత వాదన. ఈ రైలు నిర్మాణమే అందుకు జవాబు.

చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో అప్పటి జనరల్ మేనేజర్ సుధాంశు మణి సారథ్యంలో తొలిసారి ఏడాదిన్నరలో రూపుదిద్దుకున్న ఈ తరహా రైలుకు ముందు వేరే ఇంజన్ ఉండదు. 1964 నాటి జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లాగే మోటార్లను పెట్టెల కిందే అమర్చారు. సగం ఇరుసులను మోటార్లే తిప్పుతాయి కనుక ఆగిన రైలు ఇట్టే వేగం అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు అవే మోటార్లు కరెంటు పుట్టించి పైతీగలకు తిరిగి పంపుతాయి. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి రూపొందించిన రైలు ఇంకా వేగంగా నడవాలంటే కావలసింది స్టాపుల కోత కాదు. గట్టి ట్రాక్, ఆధునిక సిగ్నళ్లు.

దశాబ్దాలుగా దేశానికి బొగ్గు పంపిన ఊరు బెల్లంపల్లి. వైద్యానికో, చదువుకో, ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లే సింగరేణి గని కార్మిక కుటుంబాలు ఈ రైలు కోసం మరో ఊరికి పోవాల్సి రావడం అన్యాయం. ప్రయోగాత్మకంగానైనా ఇక్కడ హాల్టింగ్ ఇవ్వాలి. దక్షిణ మధ్య రైల్వే వెంటనే నిర్ణయం తీసుకోవాలి. ప్రజాప్రతినిధులు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి.