‘సగం ఆట’ వీరుడు

ఒక క్రీడాకారుని ఒక్క మాటలో తేల్చివేయడం ప్రేక్షకులకు ఎప్పుడూ ప్రీతికరమైన పని. ఆ మాట నాలుగు నోళ్లలో నానిన తరువాత దానిని తుడిచివేయడం ఆ క్రీడాకారుని తరం కాదు. ఆస్ట్రేలియా దేశపు రగ్బీ లీగ్ ఆటగాడు ఆర్థర్ బీట్‌సన్‌కు అటువంటి మాట ఒకటి అంటుకున్నది. ‘సగం ఆట ఆర్టీ’ అని ఆయనను పిలిచేవారు. ఆయన సత్తా మొదటి సగంతో సరి, రెండవ సగంలో చూడవలసినది ఏమీ ఉండదని దాని భావం. ఈ నింద ఎంతవరకు న్యాయమైనదో విచారించాలని మా సంకల్పం. ప్రతిభ ఉండి నిలకడ లేనివారు ప్రతి కళాశాలలోను, ప్రతి జట్టులోను కనిపిస్తారు గనుక, ఈ విచారణ విద్యార్థి సోదర సోదరీమణులకు గాని, కళాశాల సంఘ పెద్దలకు గాని పరాయి విషయంగా తోచదని మా నమ్మకం.

ఈ ఆట మనకు అంతగా పరిచితం కాదు. జట్టుకు పదముగ్గురు. కోలగా ఉండే బంతిని చేత పట్టి, ప్రత్యర్థుల గీత దాటి నేలకు తాకించాలి. బంతిని పక్కకు గాని వెనుకకు గాని అందించవచ్చును. చేతితో ముందుకు విసరరాదు. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టినట్లు, బంతి ఉన్నవానిని పట్టి పడవేస్తారు. పదముగ్గురిలో ఆరుగురు ఫార్వర్డులు. బండ చాకిరీ అంతా వారిదే. గుంపులోకి దూసుకుపోవడం, పడడం, లేవడం, వెంటనే ఎదుటివానిని పడవేయడం. ఎనభై నిమిషాలూ ఇదే పని. చప్పట్లు మాత్రం చివర బంతి అందుకొని పరుగెత్తిన వానికి దక్కుతాయి.

బీట్‌సన్ 1945లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని రోమా పట్టణంలో జన్మించారు. ఆదివాసి సంతతివారు. 1965లో బ్రిస్బేన్ పోటీలలో గెలిచిన రెడ్‌క్లిఫ్ జట్టులో ఆడి, మరుసటి ఏడు సిడ్నీలోని బాల్‌మెయిన్ జట్టులో చేరారు. ఆ 1966లోనే గ్రేట్ బ్రిటన్‌పై దేశం తరఫున ఆడారు. భారీ శరీరం, దానికి తగిన భోజనప్రియత్వం. ఆయన ఆకలిని గురించి సిడ్నీలో చెప్పుకొనే కథలు ఆయన ఆటను గురించిన కథలకంటె తక్కువేమీ కావు. కాని ఆ శరీరంలో ఇమిడి ఉన్న నేర్పు బరువుకు సంబంధించినది కాదు. ఇద్దరు ముగ్గురు మీదపడి పట్టినా చేయి విడిపించుకొని, పడిపోయే క్షణంలో తోటివానికి బంతి అందించేవారు. అందరూ ఆట అక్కడ ఆగిందని తలచిన చోట ఆయన చేతిలో అది మరల ప్రారంభమయ్యేది.

ఇక్కడ మా మొదటి మాట. ఈ విద్యలో అపాయం సహజం. ఆ పాస్ అందితే అద్భుతం. తప్పితే బంతి ప్రత్యర్థుల పాలు. పట్టుబడగానే బంతిని గుండెకు హత్తుకొని బుద్ధిగా పడిపోయే ఫార్వర్డును ఎవరూ నిలకడ లేనివాడని అనరు. అతడు ఏమీ సాహసించలేదు గనుక ఏమీ పోగొట్టలేదు. సాహసించినవాని తప్పులను మాత్రమే లెక్కపెట్టే పద్ధతి లెక్కల పుస్తకానికి సరిపోవునేమో గాని, ఆటకు సరిపోదు.

రెండవది, నేడు రగ్బీ లీగ్‌లో అలసిన ఫార్వర్డును కొంతసేపు బయట కూర్చోబెట్టి, సేద తీరిన తరువాత తిరిగి దింపుతున్నారు. బరువైన ఫార్వర్డు ఎనభై నిమిషాలూ మైదానంలో ఉండాలని ఎవరూ ఆశించడం లేదు. బీట్‌సన్ ఆడిన రోజులలో ఆ సౌకర్యం లేదు. నాడు వెక్కిరింత అయినది నేడు శిక్షకుల ప్రణాళిక అయినది! ఈ సంగతి చూడడానికి ఆయనను వెక్కిరించినవారిలో ఎందరు మిగిలారో గాని.

మరొక సంగతి చెప్పక తప్పదు. ఆదివాసులను దేశ జనాభా లెక్కలలో చేర్చరాదన్న రాజ్యాంగ నిబంధనను ఆస్ట్రేలియా ప్రజలు వోటు వేసి తొలగించినది 1967లో. అనగా బీట్‌సన్ దేశం తరఫున ఆడిన మరుసటి సంవత్సరం. ఆ బిరుదు తగిలించినవారి మనసులో ఏమున్నదో మేము ఊహించబోము. కాని లెక్కలోకి రాని జనం నుంచి వచ్చిన యువకుడు అలసిపోతే, ‘అలసిపోయాడు’ అనే మాటకంటె ‘సోమరి’ అనే మాట త్వరగా నోటికి వస్తుందని మాత్రం అనగలము.

అయితే ఇంతటితో ఆయనను పూర్తిగా నిర్దోషిని చేయడం మా ఉద్దేశం కాదు. 1969 సంగతి ఉన్నది. ఆ ఏడు బాల్‌మెయిన్ గ్రాండ్ ఫైనల్ చేరినది. దానికి ముందటి ఆటలోనే బీట్‌సన్‌ను రిఫరీ మైదానం నుంచి పంపివేశారు. దాని ఫలితంగా ఆయనపై నిషేధం పడినది. ఇరువది నాలుగేళ్ల వయసులో, జట్టులోని అత్యంత ప్రతిభావంతుడు, ఏడాదిలో అన్నింటికంటె పెద్ద ఆటను బయట ఉండి చూడవలసి వచ్చినది. గెలుపు సౌత్ సిడ్నీదే అని లోకమంతా నమ్మినది. బాల్‌మెయిన్ 11-2తో గెలిచినది. ఆయన లేకుండానే గెలిచినది. ఓడి ఉంటే ‘నేను ఉండి ఉంటే’ అని ఊరట చెందవచ్చును. ఆ ఊరట కూడా దక్కలేదు. ఈ శిక్ష అన్యాయమని మేము అనలేము. అలసట వేరు, అదుపు తప్పడం వేరు. మొదటిదానికి శరీరం కారణమని చెప్పవచ్చును. రెండవదానికి ఆ సాకు చెల్లదు.

కాని శిక్ష మనిషిని మార్చునా? 1971లో ఆయన ఈస్టర్న్ సబర్బ్స్ జట్టుకు మారారు. 1973లో ఆస్ట్రేలియా జట్టుకు నాయకత్వం వహించారు. ఏ క్రీడలోనైనా ఆ దేశపు జట్టును నడిపిన తొలి ఆదివాసి ఆయనే. 1974లో జాక్ గిబ్సన్ ఈస్టర్న్ సబర్బ్స్ శిక్షకుడుగా వచ్చారు. గిబ్సన్ మితభాషి, అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షణ పద్ధతులను శ్రద్ధగా పరిశీలించిన వ్యక్తి. ఎవరు ఎన్నిసార్లు ప్రత్యర్థిని పట్టి పడవేశారో అంకెలతో రాయించేవారు. ఈ పద్ధతిలోని గొప్పతనాన్ని గమనించాలి. ‘నీవు నిలకడ లేనివాడవు’ అన్న మాటకు ఎవరు ఏమని బదులు చెప్పగలరు? ‘నిన్న నీవు పట్టవలసినవారిని ఇంతమందిని విడిచావు’ అంటే వచ్చే వారం సరిదిద్దుకోవచ్చును. బీట్‌సన్ నాయకత్వంలో ఆ జట్టు 1974 గ్రాండ్ ఫైనల్‌లో కాంటర్‌బరీని 19-4తోను, 1975లో సెయింట్ జార్జ్‌ను 38-0తోను ఓడించినది. ‘సగం ఆట’ అన్నవారు ఆ సున్నాను ఏ సగంలో చేర్చుకున్నారో తెలియదు.

మన కళాశాల సంఘ పెద్దలకు సవినయంగా ఒక మాట. సాధనకు రాని ఆటగాని పేరు జాబితా నుంచి కొట్టివేయడానికి ఒక కలం చాలు. అది చేయవద్దని మేము అనము. 1969 తీర్పును సమర్థించిన మేము ఆ మాట అనలేము. కాని కొట్టివేసిన మరునాడు ఆ విద్యార్థిని పిలిచి, అతనికి కొరవడినది ఏమిటో లెక్కకట్టి చెప్పేవారు ఎవరు? అతనిని నమ్మి ఒక బాధ్యత అప్పగించేవారు ఎవరు? ‘వాడంతే’ అన్న మాటను క్రమశిక్షణగా భ్రమపడడం పెద్దల సోమరితనమని మా నిశ్చితాభిప్రాయం. అతడు రాకపోవడానికి కారణం ఒక్కొక్కసారి బస్సు చార్జీ కూడా కావచ్చును.

బీట్‌సన్ 2003లో ఆ ఆటలోని ‘అమరుల’ శ్రేణిలో ఏడవవారుగా చేరారు. 2011 డిసెంబరు 1న కన్నుమూశారు. కాని మాకు అన్నింటికంటె ప్రియమైనది 1980 జూలై 8 నాటి రాత్రి. అంతవరకు ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బులో ఆడితే ఆ రాష్ట్రం తరఫుననే దిగాలి. అందువలన క్వీన్స్‌లాండ్ బిడ్డ అయిన బీట్‌సన్ న్యూ సౌత్ వేల్స్ పక్షాన ఆడవలసి వచ్చినది. పుట్టిన రాష్ట్రానికి ఆడే ఏర్పాటు ఆ రాత్రి మొదలైనది. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేళ్లు. పారమటా క్లబ్బులో రెండవ శ్రేణి జట్టులో ఆడుతున్నారు. అయినా క్వీన్స్‌లాండ్ ఆయననే నాయకునిగా ఎన్నుకొన్నది. బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో, సొంత జనం హోరు మధ్య, ఆయన తన రాష్ట్రపు జట్టును వెంటబెట్టుకొని మొదటిసారి మైదానంలోకి నడిచారు. ఆట ముగిసేసరికి క్వీన్స్‌లాండ్ 20, న్యూ సౌత్ వేల్స్ 10.