విస్తరణ పరిధిలోకి పాఠశాల రావాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ వరి సాగును విస్తరింపజేసింది. అయితే ఆ పొలాలలో నాట్లు వేసే కూలీల పిల్లలకు వ్యవసాయ కళాశాల ప్రవేశం నేటికీ సులభసాధ్యం కాలేదు. రైతు కుటుంబాలకు ప్రత్యేక కోటా ఉన్నప్పటికీ, ఎంపికలో ప్రవేశ పరీక్ష ర్యాంకు కీలకం. ఆ ర్యాంకుకు పునాది ఉన్నత పాఠశాలలోనే పడుతుంది. కోచింగ్ రుసుము భరించలేని కుటుంబాలకు ఆ పాఠశాలే ఆధారం.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలకు వెళ్ళే డిగ్రీ విద్యార్థులు వారానికి రెండు గంటలు జిల్లా పరిషత్ పాఠశాలకు కేటాయించడం అవసరం. యూరియాలో నత్రజని 46 శాతం. ఎకరాకు 40 కిలోల నత్రజని అందించడానికి సుమారు 87 కిలోల యూరియా కావాలి. శాతాలు, అనుపాతాలు ఈ ఒక్క లెక్కతోనే బోధపడతాయి. గడ్డిపల్లి, కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలను చూపితే నేల పరీక్ష ద్వారా రసాయన శాస్త్రం పరిచయమవుతుంది.

ఇది అదనపు భారమన్న అభ్యంతరం రావచ్చు. ఈ బోధనకు కార్యక్రమ మూల్యాంకనంలో మార్కులు కేటాయిస్తే అది భారం కాక విద్యలో భాగమవుతుంది. రైతుకు విజ్ఞానాన్ని చేరవేసే వ్యవస్థ, కూలీ బిడ్డను శాస్త్రవేత్తగా తీర్చిదిద్దే బాధ్యతను కూడా స్వీకరించాలి.