వేలు పడలేదా, మిషను చదవలేదా?

నెల మొదటి పక్షంలో మా కోట ఊరి చుట్టుపక్కల రేషన్ దుకాణాల ముందు నిలబడితే తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘వేలు పడట్లేదు’. ఆ మాటను మనం ఎంతగా వాడేశామంటే, తప్పు వేలిదేనన్న తీర్పు అందులో దాగి ఉందని కూడా గమనించడం మానేశాం. డీలరు చేతిలో ఉన్న, వేలిముద్రను ఆధార్‌తో సరిచూసే ఈ-పోస్ మిషను నిజానికి ఒక చిన్న కంప్యూటరు. దానికి తెర, బ్యాటరీ, సిమ్ కార్డు, రసీదు కాగితం చుట్ట, వేలు ఆనించే గాజుబిళ్ల ఉంటాయి. ఆ గాజు బొటనవేలికి సరిపడేంతే. దాని మీద పెట్టే వేలు కొత్తపట్నం వైపు వల తాళ్లు లాగిన వేలు కావచ్చు, రొయ్యల చెరువు నీళ్లలో నానిన వేలు కావచ్చు, అరవై ఏళ్లు నాట్లు వేసిన వేలు కావచ్చు. గీతలు అరిగిపోయాయి. మొదటిసారి ఎర్ర అక్షరాలు వస్తాయి. చీర కొంగుతో తుడిచి, జిడ్డు కోసం తలకు రాసుకుని మళ్లీ ఆనిస్తారు. మళ్లీ ఎర్ర అక్షరాలే. పక్కకు నిలబడమంటారు. మిషను చదవలేకపోయిందని అనాల్సిన చోట వేలు పడలేదంటున్నాం.

మిషన్లు చెడిపోవడం వింతేమీ కాదు. సముద్రపు ఉప్పుగాలి చార్జింగ్ పిన్నును తినేస్తుంది. రోజంతా చార్జింగులో పెట్టి వాడితే వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. గాజు మీద గీతలు పడతాయి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున నిన్నటిదాకా పనిచేసిన మిషను మొండికేస్తుంది. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. ఇక్కడ అసలు చిక్కు లెక్కలో ఉంది. బియ్యం చేతికి రావాలంటే బ్యాటరీ, సిగ్నల్, సర్వర్, వేలిముద్ర, మిషనుకు అనుసంధానించిన కాటా అన్నీ ఒకే నిమిషంలో పనిచేయాలి. ఒక్కోటీ నూటికి 98 సార్లు సరిగ్గా పనిచేస్తుందనుకుందాం. విడివిడిగా చూస్తే ఏ అధికారి అయినా సంతృప్తిపడే అంకె అది. కానీ అయిదూ కలిసి పనిచేసేది నూటికి 90 సార్లే. ఏ ఒక్క భాగమూ పెద్దగా చెడకుండానే పదిమందిలో ఒకరు వెనక్కి వెళ్తారు. ఏ కంపెనీని అడిగినా తన భాగం బాగానే ఉందని చెబుతుంది. ఆ మాట నిజమే కావచ్చు, ఆ పదో మనిషికి మాత్రం బియ్యం రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మిషన్లు 2015లో చౌక దుకాణాలకు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ 2016–17 ఆర్థిక సర్వే ఆధార్ ధ్రువీకరణ వైఫల్యాల అంచనాలు ఇచ్చింది: జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. మిగతావాటితో పోలిస్తే 5 చాలా మెరుగు, ఆ మేరకు మన సిబ్బందిని మెచ్చుకోవాలి. అయితే 500 కార్డులున్న దుకాణంలో 5 శాతమంటే 25 కుటుంబాలు. పైగా ఈ వైఫల్యం చీటీ తీసినట్టు ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి రాదు. అరిగిన వేలు వచ్చే నెలకూ అరిగిన వేలే. సిగ్నల్ అందని ఊరు వచ్చే నెలకూ అదే ఊరు. సగటులో చిన్నగా కనిపించే బాధంతా ముసలివాళ్ల మీద, కూలీల మీద, తీరపు పల్లెల మీద కుప్పపడుతుంది.

దీనికి మందు మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చినప్పుడు కూడా వేలిముద్రలే, చేతి మిషన్లే. ముద్ర వివరాలు కార్డులోనే ఉండేవి కాబట్టి నెట్ లేకున్నా మిషను పోల్చి చూసుకోగలిగేది. కార్డు లేనివాళ్లకు చెల్లింపు ఆపలేదు. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో ఈ పథకాన్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్ రేషన్‌లో ఆధార్ ధ్రువీకరణను పరిశీలిస్తే కథ తిరగబడింది. ముద్ర తప్పనిసరి చేసినంత మాత్రాన దుర్వినియోగం తగ్గలేదు. సగటు కార్డుదారుకు సరుకు తెచ్చుకునే ఖర్చు 17 శాతం పెరిగింది. ఆధార్ ముడిపడని కుటుంబాలకు అందేది 10 శాతం తగ్గింది. రెండు చోట్లా వేళ్లు అలాంటివే, ముద్ర తీసేవి చేతి మిషన్లే. నెట్ అవసరం ఒక తేడా అయితే, మిషను కాదన్నప్పుడు ఏం చేయాలన్న నియమం అసలు తేడా.

ముద్ర పడకున్నా బియ్యం ఇవ్వొచ్చని మినహాయింపు ఇస్తే డీలర్లు దాన్ని వాడుకుని బియ్యం దారి మళ్లిస్తారని అభ్యంతరం చెబుతారు. ఈ భయం ఉత్తిది కాదు, రేషన్ బియ్యం దొంగతనం మన రాష్ట్రంలో పెద్ద జబ్బే. కానీ 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం దొరికినప్పుడు ఈ మిషన్లు దుకాణాల్లోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. వేలిముద్ర పడ్డాక బియ్యం ఎటు పోతుందో మిషను చూడలేదు. దొంగను ఆపలేని తాళాన్ని అవ్వ మీద బిగించి భద్రత అనుకోవడం న్యాయం కాదు. ఐరిస్, ఓటీపీ వచ్చాయి కదా అని ఇంకొందరు అంటారు. మంచిదే. అయితే జబ్బు చేసిన కంటిని ఐరిస్ మిషను తేలిగ్గా చదవకపోవచ్చు, ఫోన్ మనవడి దగ్గర ఉన్న ఇంట్లో ఓటీపీ అక్కరకు రాదు. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్ఓ) ముద్రతో ఇచ్చే ఏర్పాటు ఉన్నా, ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే. 2025 జూన్ నుంచి ఇంటింటికీ సరుకులు తెచ్చే వాహనాలు ఆగి మళ్లీ దుకాణాల దగ్గరే సరుకులిస్తున్నారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలన్న నిర్ణయం మెచ్చదగినది. మిగిలినవాళ్లకు ఉన్నది నెలలో 1 నుంచి 15వ తేదీ దాకానే. కూలిపని మానుకుని రెండుసార్లు తిరిగితే ఆ బియ్యం విలువలో ఎంత మిగులుతుంది?

కంప్యూటరు మాటే నిజమని నమ్మితే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడి తపాలా సంస్థ హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపిన లోటును నమ్మి సబ్ పోస్ట్‌మాస్టర్లను దొంగలంది. 1999–2015 మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. లోపం సాఫ్ట్‌వేర్‌దని తేలాక, 2024లో పార్లమెంటు చట్టం చేసి అలాంటి వందలాది శిక్షలను రద్దు చేయాల్సి వచ్చింది. మన దుకాణం దగ్గర ఎవరూ జైలుకు పోరు. ఇక్కడ నష్టం బియ్యం సంచీ అంతే కాబట్టి పత్రికలకెక్కదు, విచారణ ఉండదు, ఏ నెల ఎంతమంది ఖాళీ సంచీతో వెళ్లారన్న లెక్క దుకాణం తలుపు మీద కనిపించదు. ముందు ఆ లెక్క బయటపెట్టాలి. ఎన్ని ముద్రలు పడ్డాయో చెప్పే అంకె కన్నా ఎంతమందిని మిషను కాదన్నదో చెప్పే అంకె ముఖ్యం. మండలానికి రెండు మిషన్లు అదనంగా ఉంచాలి. కోట దగ్గరి విద్యానగర్‌లో 1979 నుంచి ఎన్‌బీకేఆర్ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఉప్పుగాలిలో ఈ మిషన్లు ఎన్నాళ్లు నిలుస్తాయో, ఎలాంటి వేళ్లను చదవలేకపోతున్నాయో పరీక్షించే పని అక్కడి విద్యార్థులకు అప్పగించవచ్చు. అన్నిటికన్నా ముందు, మిషను కాదన్న మనిషికి పుస్తకంలో సంతకం తీసుకుని ఆ రోజే బియ్యం ఇచ్చి, సరిచూసుకునే పని తర్వాత శాఖే చేసుకోవాలి.

ఇదేమీ దయ అడగడం కాదు. ఆధార్ ధ్రువీకరణ విఫలమైందని రేషన్ నిరాకరించవద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 8వ సెక్షను ప్రకారం, హక్కుగా రావాల్సిన ధాన్యం అందకపోతే ఆ కుటుంబానికి ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. కాబట్టి ఈసారి మిషను కాదంటే ఊరికే వెనుదిరగకండి. తేదీ, గంట, తెర మీద కనిపించిన మాట ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని 1967కు ఫోన్ చేయండి.